వీరావల్ వెళ్లొచ్చే ఊళ్లు

శ్రీకాకుళం తీరంలో కొన్ని ఊళ్లను నిండుగా చూడాలంటే జూన్ నెలాఖరున వెళ్లాలి. ఎచ్చెర్ల మండలం బుడగట్లపాలెం, బడివానిపేట, అదే తీరంలోని మత్స్యలేశం, విజయనగరం జిల్లా పూసపాటిరేగ మండలంలోని తిప్పలవలస... ఆ రోజుల్లో ఏ వీధిలోకి వెళ్లినా అరుగుల మీద, వలల కుప్పల దగ్గర వయసులో ఉన్న మగవాళ్లే కనిపిస్తారు. ఆగస్టు వచ్చేసరికి ఆ అరుగుల మీద ముసలివాళ్లూ పిల్లలూ మిగులుతారు. తక్కినవాళ్లు దాదాపు రెండు వేల కిలోమీటర్ల అవతల ఉంటారు. సోమనాథ్ గుడికి కొద్ది కిలోమీటర్ల దూరంలోని వీరావల్ రేవులో, గుజరాతీ సేఠ్‌ల బోట్ల మీద.

ఈ రాకపోకలను నడిపేవి రెండు సముద్రాల వేట నిషేధాలు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లు కదలకూడదు. పడమటి తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 దాకా. బంగాళాఖాతంలో నిషేధం మొదలయ్యేనాటికి వీళ్లింకా అరేబియా సముద్రం మీదే ఉంటారు. అది ముగిసి ఇక్కడి బోట్లు బయల్దేరే వేళకు ఇల్లు చేరతారు. పెళ్లి, గృహప్రవేశం, అమ్మవారి పండగ, పిల్లల్ని బడిలో వెయ్యడం, అన్నదమ్ముల పంపకాలు, అన్నీ ఈ రెండు నెలల్లోనే తెమలాలి. మధ్యలో ఆషాఢం అడ్డొస్తే పెళ్లి ముహూర్తానికి నాలుగు రోజులు కూడా దొరకవు. జ్యేష్ఠం పోయేలోపు చేసెయ్యాలని ఆడపిల్లల తల్లులు పడే హడావిడి ఈ ఊళ్లలో కళ్లారా చూడాల్సిందే.

బుడగట్లపాలెం ఒడ్డున పొద్దున్నే నిలబడితే వీళ్లెందుకు అంత దూరం పోతున్నారో ఎవరూ చెప్పక్కర్లేదు. ఫైబర్ బోటు అలలను దాటుకుని ఒడ్డుకొస్తుంది. దాన్ని ఇసక మీదకు లాగడానికి పదిమంది భుజం పట్టాలి. జెట్టీ లేదు, బోటును నీళ్లలోనే కట్టి ఉంచే చోటు లేదు. కాబట్టి ఒడ్డుకు లాగగలిగినంత బోటే ఇక్కడ బతుకుతుంది. అంత చిన్న బోటు ఒక రోజులో వెళ్లి రాగలిగిన దూరమే వీళ్ల సముద్రం. ఆ పూట వలలో కవ్వళ్లు పడ్డాయి, కాసిని కానాగంతలు. ఇసక మీదే పాట పాడేశారు. తట్టలకెత్తుకుని ఆడవాళ్లు ఆటో ఎక్కేశారు. ఎండ ముదిరేలోపు ఆ చేపలు అమ్ముడవ్వాలి.

శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్ర తీరం ఉంది. ఇచ్ఛాపురం నుంచి రణస్థలం దాకా పదకొండు మండలాలు. అంత తీరం ఉండీ పెద్ద బోటును నిలబెట్టుకునే హార్బరు లేకపోవడమే ఈ వలసకు మూలం. పైగా తుఫాన్లు. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. బోటు పోయినా, వల పోయినా తిరిగి కొనుక్కోవడానికి అప్పే దారి. అప్పు తీరడానికి వీరావల్ దారి.

వీరావల్ ప్రయాణం తండేల్ ఇంటి ముందు మొదలవుతుంది. బోటుకు నాయకుడు తండేల్. సేఠ్ దగ్గర అడ్వాన్సు తెచ్చి, తన ఊళ్లోనే ఏడెనిమిది మందిని కూడగట్టుకుంటాడు. బావమరిది, పినతండ్రి కొడుకు, పక్కింటి కుర్రాడు. బోటు పనివాళ్లయిన ఖలాసీలకు నెల జీతం, తండేల్‌కు అంతకన్నా ఎక్కువ. అడ్వాన్సు సొమ్ము బయల్దేరకముందే ఇంట్లో ఖర్చయిపోతుంది, సీజనంతా అది జీతంలో తెగుతుంది. ఒక మాట ఇక్కడ చెప్పాలి. ఈ ఒప్పందంలో కాగితం ఉండదు, మాటే ఉంటుంది. ఆ మాట నిలబడినన్నాళ్లూ దాన్ని మించిన భద్రత లేదు. నిలబడని రోజున ఖలాసీ చేతిలో చూపించుకోవడానికి ఏమీ ఉండదు.

పూరీ నుంచి అహ్మదాబాద్, ఓఖా వైపు పోయే రైళ్లు విజయనగరం మీదుగా రాయగడ, రాయపూర్ దారి పడతాయి. ఆగస్టు ముందు ఆ రైళ్లలో సంచులతో, బకెట్లతో, ఆవకాయ జాడీలతో ఎక్కే గుంపులు వీళ్లవే. చింతపండు, కారం, ఎండుచేపలు కూడా మూటలో ఉంటాయి. అక్కడి పప్పులో తీపి నాలుకకు ఎన్నేళ్లయినా అలవాటు కాలేదని తిప్పలవలసలో ఒక పెద్దాయన చెప్పాడు. ఆయన సగం జీవితం గుజరాత్‌లోనే గడిచింది.

వీరావల్‌లో కాపురం అంటే బోటే. కొద్దిమంది రేవు పక్కన గది తీసుకుంటారు గానీ, ఎక్కువమందికి ఇల్లూ, వంటిల్లూ, పడకా అన్నీ ఆ చెక్క పడవే. ఐసు, డీజిలు, నీళ్లు, బియ్యం నింపుకుని వెళితే రెండు మూడు వారాల దాకా ఒడ్డు మొహం చూడరు. వల వేసి గంటల తరబడి ఈడుస్తారు, తీస్తారు, చేపను రకాల వారీగా ఏరి ఐసులో పెడతారు. మళ్లీ వేస్తారు. పగలూ రాత్రీ అదే వరస. నిద్ర వలకూ వలకూ మధ్య దొరికినంతే. వంతు వేసుకుని ఒకరు వండుతారు. మూడు పూటలా అన్నం, చేపల పులుసు. ఇక్కడి ఒడ్డున ఎప్పుడూ చూడనన్ని కండవాలు, సావడాయిలు అక్కడ గుట్టలుగా పడతాయి. అవి కంపెనీల్లో గడ్డకట్టి విదేశాలకు పోతాయి.

ఒడ్డుకొచ్చిన రెండు మూడు రోజులు వేరు. వీరావల్ రేవులో బోట్లు ఒకదానికొకటి ఆనుకుని వరసలు కట్టి ఉంటాయి. ఒక బోటు మీంచి ఇంకో బోటు మీదకు అడుగేసుకుంటూ రేవంతా తిరిగెయ్యొచ్చు. ఆ అడుగుల్లోనే పక్క ఊరి కబురు తెలుస్తుంది, ఎవరింట్లో బిడ్డ పుట్టిందో, ఎవరి నాన్నకు బాగోలేదో. బట్టలుతుక్కోవడం, క్షవరం, ఫోన్ రీచార్జి, ఇంటికి డబ్బు పంపడం. కుదిరితే సోమనాథ్ దర్శనం. గుజరాతీ అందరికీ వస్తుంది, హిందీ సరేసరి. చదువుకోని మనిషి మూడు భాషల్లో బేరమాడడం ఈ ఊళ్లలో మామూలు సంగతి. బోటు మీద జీపీఎస్ చూసి దారి పట్టడం, చేపల గుంపును పసిగట్టే యంత్రం చదవడం, నడిసముద్రంలో ఇంజను విప్పి బిగించడం కూడా అక్కడే నేర్చారు. ఈ విద్యకు సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు లేరు గానీ, ఇది విద్యే.

సంవత్సరంలో పది నెలలు ఊరిని నడిపేది ఆడవాళ్లు. సేఠ్ పంపిన డబ్బు ఎప్పుడొచ్చిందో, అందులో అడ్వాన్సు కింద ఎంత తెగిందో, డ్వాక్రా వాయిదా ఎంతో, బడి ఫీజు ఎంతో వాళ్ల వేళ్ల మీద ఉంటుంది. బోటు సిగ్నల్ దాటి వెళ్లాక ఫోన్ రాదు. ఎన్నో రోజున మళ్లీ రావాలో లెక్క వాళ్ల దగ్గరే ఉంటుంది. ఆ లెక్క ఒకరోజు దాటితే పక్కింటికి వెళ్లి "మీవోడు ఫోన్ సేసినాడేటి?" అని అడుగుతారు. ఇద్దరిళ్లకూ రాకపోతే తండేల్ ఇంటికి వెళతారు.

2018 నవంబరు ఆఖరున ఆ లెక్క తప్పింది. గుజరాత్ నుంచి వేటకు వెళ్లిన ఈ రెండు జిల్లాల మత్స్యకారులు ఇరవై మందికి పైగా పాకిస్తాన్ సముద్ర భద్రతా దళానికి చిక్కారు. నీటి మీద సరిహద్దు గీత కనపడదు. సర్ క్రీక్ దగ్గర ఆ గీత ఎక్కడుందో రెండు దేశాలకే ఒప్పుదల లేదు. చేప ఎటు పోతే బోటు అటు పోతుంది, ఇంజను ఆగితే నీటివాలు ఎటు తీసుకెళితే అటు. వాళ్లను కరాచీ జైల్లో పెట్టారు. తిత్లీ దెబ్బ ఇంకా మానని ఇళ్లకు ఈ కబురొచ్చింది. 2008 ఒప్పందం ప్రకారం రెండు దేశాలూ ఏటా జనవరి 1న, జూలై 1న తమ జైళ్లలో ఉన్న అవతలి దేశస్థుల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. ఢిల్లీలో అది మామూలు పని. ఈ ఇళ్లలో ఆ తేదీలకు ఉన్న బరువు వేరు.

ఆడవాళ్లు ఊరుకోలేదు. నాయకులను కలిశారు, కలెక్టరాఫీసుకు తిరిగారు, అర్జీలు పెట్టారు. 2020 జనవరి 6న ఇరవై మంది వాఘా సరిహద్దు దాటి వచ్చారు. రాష్ట్ర ప్రభుత్వం తలా 5 లక్షల రూపాయలు ఇచ్చింది. ఈ కథే 2025 ఫిబ్రవరిలో 'తండేల్' సినిమాగా వచ్చింది. సినిమాకు ముందు 2023లో హీరో నాగచైతన్య మత్స్యలేశం వచ్చి ఈ కుటుంబాలతో మాట్లాడి వెళ్లాడు. ఊళ్లో ఆ సంగతి సంతోషంగానే చెప్పుకుంటారు. అయితే జైలు మాట వచ్చేసరికి మగవాళ్లు క్లుప్తంగా ముగించేస్తారు. నేనూ గుచ్చి అడగలేదు.

వాళ్లు ఇల్లు చేరి మూడు నెలలు తిరక్కుండానే కరోనా లాక్‌డౌన్. వేట ఆగింది, రైళ్లు ఆగాయి, వీరావల్ రేవులో నాలుగు వేల మందికి పైగా తెలుగు మత్స్యకారులు బోట్ల మీదే చిక్కుకుపోయారు. వారం పది రోజులు సర్దుకునే చోట నెల దాటింది. ఏప్రిల్ నెలాఖరున రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ మాట్లాడుకుని ప్రత్యేక బస్సులు వేసి వాళ్లను తరలించాయి. అంతమంది మనవాళ్లు అక్కడున్నారని రాష్ట్రంలో చాలామందికి అప్పుడే తెలిసింది. నన్నడిగితే అసలు బాధాకరమైన సంగతి అదే. పట్టుబడ్డప్పుడో చిక్కుబడ్డప్పుడో తప్ప వీళ్లు ఎవరి లెక్కలోనూ లేరు.

ఈ తీరానికి పరాయి రేవు కొత్త కాదు. కళింగపట్నం, బారువల నుంచి ఓడలు నడిచిన రోజుల్లో ఈ ప్రాంతపు కూలీలు రంగం (బర్మాలోని రంగూన్) వెళ్లారు. 1942లో జపాన్ సైన్యం బర్మాలోకి దిగినప్పుడు నడిచీ, ఓడలెక్కీ తిరిగొచ్చారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అనే పేట నేటికీ ఉంది. పూరీలో గుడికెళ్లిన తెలుగు యాత్రికులు సముద్రం ఒడ్డున పెంటకట దాకా నడిస్తే తెలుగు మాట్లాడే జాలర్ల వాడ కనపడుతుంది. అది తరాల కిందట వెళ్లినవాళ్లది. అండమాన్‌లోని శ్రీ విజయపురం (పాత పోర్టుబ్లెయిర్)లో శ్రీకాకుళం యాస వినపడుతుంది. ఆ చోట్ల మనవాళ్లు ఇళ్లు కట్టుకున్నారు, గుళ్లు కట్టుకున్నారు, అక్కడి మనుషులయ్యారు. వీరావల్‌లో మాత్రం అలా జరగలేదు. ఏటా వెళతారు, ఏటా వస్తారు. ఓటిక్కడ, రేషన్ ఇక్కడ, పిల్లల చదువిక్కడ, చెమట అక్కడ.

వేట నిషేధ కాలంలో మత్స్యకార కుటుంబానికి ఇచ్చే సాయం 2019లో 10 వేలయింది. 2025 ఏప్రిల్ 26న ముఖ్యమంత్రి చంద్రబాబు ఇదే బుడగట్లపాలెం వచ్చి దాన్ని 20 వేలు చేశారు. అది ఇక్కడి బోట్లను బట్టి ఇచ్చే సొమ్ము. సీజనంతా గుజరాత్ బోటు మీద గడిపినవాడికి ఇక్కడ నిషేధమున్న రోజుల్లో అక్కడ పని ఉంటుంది, అక్కడ నిషేధం వచ్చాక ఇక్కడ సాయం ఉండదు. ఏ ఊరి మనిషి ఏ సేఠ్ బోటు మీద ఉన్నాడో రాసిపెట్టే పుస్తకం ఒకటి మన మత్స్యశాఖ దగ్గర ఉండాలి. సీజను నడిచినన్నాళ్లూ వీరావల్‌లో తెలుగొచ్చిన అధికారి ఒకరు కూర్చోవాలి. జీతం ఎగ్గొట్టినా, మనిషి జబ్బుపడినా, బోటు రాకపోయినా వెళ్లి తలుపు తట్టడానికి ఒక గది. దీనికి పెద్ద ఖర్చేమీ కాదు.

బుడగట్లపాలెం ఫిషింగ్ హార్బరుకు 2023 ఏప్రిల్ 19న, మూలపేట పోర్టుతో పాటే శంకుస్థాపన జరిగింది. ఇప్పుడు ఊళ్లో కుర్రాళ్ల మాటలన్నీ దాని చుట్టూనే. పెద్ద బోటు ఇక్కడే కట్టుకోగలిగితే దాన్ని నడిపే చేతులు కొత్తగా తయారుచేయక్కర్లేదు, వీరావల్ నేర్పిన తండేళ్లు వీధికి నలుగురున్నారు. కొరతల్లా బోటుకు పెట్టుబడి, ఐసు ఫ్యాక్టరీ, చేపకు ధర పలికే కొనుగోలుదారు. గోడలు లేచినంత మాత్రాన ఇవి రావు. హార్బరు కట్టేవాళ్లు ఈ మూడింటి గురించి ఇప్పుడే ఈ తండేళ్లను కూర్చోబెట్టి అడగాలి.

వలకు గుళ్లు కడుతున్న ఒక తండేల్‌ను అదే అడిగాను, ఇక్కడ హార్బరు వస్తే ఉండిపోతారా అని. పక్కనున్న మేనల్లుడు ఆయనకన్నా ముందే తలూపాడు. ఆయన మాత్రం పని ఆపకుండా అన్నాడు: "ఉంటాం బాబూ, ఎందుకుండం. బోటు మాదైతే ఉంటాం. ఇక్కడా సేఠ్ బోటే అయితే, అక్కడ తెలిసిన సేఠే నయం గదా." తర్వాత మేనల్లుడి వైపు తిరిగి, ఈసారి బోటుకు ఇంకా ఇద్దరు తక్కువున్నారని, సాయంత్రం బడివానిపేట వెళ్లి అడిగి రమ్మని చెప్పాడు.