బండలమీద ద్రాక్షసారా

హైదరాబాదులో జూబిలీ హిల్స్ చెక్‌పోస్టు దగ్గర దిగి ఫిల్మ్‌నగర్ వైపు నడిచేవారికి సినిమా తారలు కనబడతారో లేదో గాని, బండలు మాత్రం తప్పక కనబడతాయి. ప్రహరీగోడల సందునుంచి, పెరళ్ళలోనుంచి, ఒక్కొక్క చోట మేడమెట్ల పక్కనుంచి కూడా ఏనుగుల వీపుల్లా పైకి లేచి ఉంటాయి. వాటి వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. సినిమావారు నిన్నగాక మొన్న వచ్చినవారు. మదరాసునుంచి పరిశ్రమ మెల్లగా తరలి వస్తూ ఉండగా, పొరుగున బంజారా హిల్స్‌లో 1976లో అక్కినేనివారి అన్నపూర్ణా స్టూడియో, ఫిల్మ్‌నగర్‌లో 1989లో రామానాయుడుగారి స్టూడియో వెలిశాయి.

ఈ గుట్టలమీది మేడలలో ఇప్పుడొక సరదా బయలుదేరింది: ద్రాక్షసారాను కొని, ఏళ్ళ తరబడి దాచి, ముదరబెట్టి తాగడం. ఇదే ఊళ్ళో 1995 నుంచి 1997 వరకు మద్యనిషేధం ఉన్నదని, అది పెట్టినవారు సాక్షాత్తు మన సినిమా హీరో రామారావుగారేనని గుర్తు చేస్తే నేటి కుర్రవాళ్ళు నవ్వుతారు. వీధి మొగలో "వైన్స్" అని బోర్డు ఉన్న కొట్లలో అమ్మేది చాలామటుకు విస్కీ, బీరేననుకోండి. అది వేరే సంగతి.

సినిమా సాంకేతిక నిపుణులొకరి ఇంట్లో ఒక సీసా చూచాను. కూతురు పుట్టిన ఏడాది పండిన ద్రాక్షతో ఫ్రాన్సులో తయారైనది. అమ్మాయి పెళ్ళినాడు తెరవాలని ఆయన ముచ్చట. ముచ్చట బాగానే ఉన్నది. దాచినది ఎక్కడనుకున్నారు? హాల్లో, పడమటి కిటికీ కెదురుగా, అద్దాల బీరువాలో, నెత్తిన దీపం పెట్టి, నిట్టనిలువుగా! ఆవకాయ జాడీని అట్లా పెడితే ఆ ఇంటి బామ్మగారు ఊరుకుంటారా?

ద్రాక్షసారాకూ కావలసినది చీకటి, చల్లదనం, కదలని చోటు. ఏడాది పొడుగునా మారకుండా 12, 13 డిగ్రీలుంటే మేలు. సీసాను పడుకోబెట్టాలి, బిరడా తడిగా ఉంటేనే బిగుసుకొని గాలిని రానివ్వదు. గాలి చొరబడితే సారా చెడుతుంది. వేడి తగిలితే ఉడికిన పండ్ల రుచి వస్తుంది. మన మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుందని వేరే చెప్పాలా?

నేలమాళిగ తవ్విస్తే సరి అంటారు కొందరు. ఇక్కడ తవ్వడమంటే బండను పగలగొట్టడం. పగలగొట్టినా ఫలం తక్కువ. భూమిలో కొంత లోతుకు పోతే ఎండాకాలం, చలికాలం తేడా పోయి, ఆ ఊరి ఏడాది సగటు వేడి ఎంతో దాదాపు అంతే నిలుస్తుంది. ఫ్రాన్సులో షాంపేన్ సీమ నేలమాళిగలలో అది 10, 12 డిగ్రీలు. హైదరాబాదులో సుమారు 26! అందుచేత ఇక్కడ యంత్రమే శరణ్యం. ద్రాక్షసారాకని ప్రత్యేకంగా అమ్మే చల్లపెట్టె కొనవలసిందే. మామూలు ఫ్రిజ్ కొద్ది నెలలకైతే చాలును గాని, ఏళ్ళ తరబడి పెడితే ఆ పొడిగాలికి బిరడా ఎండిపోతుంది. కరెంటు పోతే ఏమిటన్నది కూడా ముందే చూచుకోవాలి.

అసలు అంగళ్ళలో దొరికే ద్రాక్షసారాలో చాలాభాగం రెండు మూడేళ్ళలో తాగవలసినదే. దాచినకొద్దీ రుచి పెరిగేవి బహు కొద్ది. విస్కీ అయితే సీసాలో ఎన్నాళ్ళున్నా ముదరదు.

ఇదంతా చెప్పేసరికి ఆ తండ్రి ముఖం చిన్నబోయింది. "ఇప్పటికే చెడిపోయిందంటారా?" అన్నారు. బిరడా ఉబికి ఉన్నదా, అంచున కారిన మరక ఉన్నదా అని చూచాము. రెండూ లేవు. అంతమాత్రాన బాగున్నదనీ చెప్పలేము, తెరిస్తేగాని తెలియదు. అమ్మాయి ఇంకా ఏడో తరగతి చదువుతున్నది. ఆయన సీసాను పాత చీరలో చుట్టి లోపలి గదిలో పడుకోబెట్టి, చల్లపెట్టె వెల కనుక్కోవడానికి ఫోను తీశారు.

"పెళ్ళిలో అదెందుకురా?" అన్నారు లోపలినుంచి బామ్మగారు.