కంటికి చీకటి, పగడానికి ఎండ

మా ఇంట్లో పగడాలు రెండు చోట్ల ఉన్నాయి. అమ్మ మెడలో పుస్తెల పక్కన రెండు ఎర్ర పూసలు. హాల్లో టీవీ పక్కన, రెండడుగుల గాజు తొట్టెలో, ప్రాణంతో ఉన్నవి. ఇది ఆ రెండోవాటి కథ.

ముందే ఒక మాట. రాతి పగడాలు మన దేశంలో చట్టం దృష్టిలో పులితో సమానం. 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. కాబట్టి ఎవరైనా చవగ్గా ఇస్తామన్నా వాటి జోలికి పోకండి. నా దగ్గరున్నవి మష్రూమ్ అనే మెత్తటి రకం. వైజాగ్‌లో మా సీనియర్ తొట్టెలో పిల్లలు పెట్టినవి. చిన్న రాయి మీద అయిదు బిళ్ళలు, ఊదా రంగులో, రూపాయి బిళ్ళ కంటే కొంచెం పెద్దవి. "డబ్బులొద్దురా, చంపకుండా చూడు చాలు" అని ఇచ్చాడు.

వాటికి లైటు కావాలి. పగడం ఒంట్లో కంటికి కనిపించని నాచు కాపురం ఉంటుంది. అది వెలుతురుతో తిండి వండి ఇంటాయనకి పెడుతుంది. లైటు లేకపోతే ఇద్దరూ పస్తే. రెడీమేడ్ లైట్లు చూస్తే నాకు కనబడిన వాటిలో చవకదే తొమ్మిది వేలు. అది మా నాన్న నా సెమిస్టర్ ఫీజు కట్టిన నెల. నాన్న ఇళ్ళకి వైరింగ్ చేస్తారు. ధర విని కోప్పడలేదు గానీ, "ఈఈఈ చదువుతున్నావు కదరా, లైటు కొంటావేంటి?" అన్నారు. అంతే, రోషం వచ్చేసింది.

లెక్క వేసుకున్నాను. నీళ్ళు ఎరుపుని పైపైనే మింగేస్తాయి, లోతుకి దిగేది నీలమే. పగడంలోని నాచు కూడా దానికే అలవాటు పడింది. కాబట్టి 450 నానోమీటర్ల రాయల్ బ్లూ బీడ్స్ ఎనిమిది, తెల్లవి నాలుగు. మూడు వాట్ల బీడ్స్‌ని 600 మిల్లీ ఆంప్స్ దగ్గర నడిపితే ఒక్కోటి రెండు వాట్లు తింటుంది, వేడీ తగ్గుతుంది, ఎక్కువ కాలం బతుకుతుంది. నీలానికి ఒకటి, తెలుపుకి ఒకటి, రెండు కాన్‌స్టంట్ కరెంట్ డ్రైవర్లు. వెనక అల్యూమినియం హీట్ సింక్, థర్మల్ పేస్ట్. అన్నీ కలిపి రెండు వేల మూడు వందలు. నాన్న సోల్డరింగ్ చూసి, "ఉప్పు గాలి తగుల్తుంది, జాయింట్లకి స్లీవ్ వెయ్యి" అన్నారు. ఆయన నోటి నుంచి అది పెద్ద మెప్పే.

అంతవరకూ అంతా బాగానే ఉంది. తప్పు ఆ తర్వాత జరిగింది.

వెలుతురు ఎంతుందో కొలవాలి కదా. పగడానికి పనికొచ్చే వెలుతురుని పార్ మీటరుతో కొలుస్తారు. దాని ధరకి నేను కట్టినలాంటి లైట్లు చాలా వస్తాయి. ఫోన్లో లక్స్ యాప్ మాత్రం ఫ్రీ. అదే వేసుకున్నాను. అంకె చాలా తక్కువ చూపించింది. కళ్ళకీ తొట్టె మసకగా నీలంగా, రాత్రి బస్సులో బెడ్ లైటు లాగే ఉంది. సరిపోలేదనుకుని కాలేజీకి వచ్చేశాను.

వారానికి అమ్మ ఫోన్ చేసింది. రోజూ ఆవిరైన మేరకి మంచి నీళ్ళు పోసేది ఆవిడే. "ఒరేయ్, నీ పువ్వులు తెల్లబోతున్నాయి. ముడుచుకున్నాయి కూడా."

"లైటు చాలట్లేదమ్మా. కొంచెం కిందికి దించు."

"నాకెందుకో ఎండెక్కువైనట్టుంది రా. మన తమలపాకు తీగకి అయినట్టే."

"అబ్బా, నేను కొలిచానమ్మా! దించు."

దించింది. నీళ్ళకి జానెడు ఎత్తులో ఉన్నదాన్ని బెత్తెడుకి తెచ్చింది. నేను చెప్పాను కాబట్టి.

సంక్రాంతికి ఇంటికి వెళ్ళేసరికి రాయి మీద మూడు బిళ్ళలు తెల్లటి జిగురైపోయి ఉన్నాయి. మిగతా రెండూ చింతపిక్కలంత అయిపోయాయి. థర్మామీటరు 26 డిగ్రీలే చూపిస్తోంది, ఉప్పూ సరిగ్గానే ఉంది. ఆ రాత్రి కూర్చుని లక్స్ అంటే ఏంటో మళ్ళీ చదివాను. రెండో సంవత్సరంలో పరీక్ష రాసిన పాఠమే. లక్స్ అనేది మనిషి కంటి కోసం కట్టిన కొలత. మన కన్ను 555 నానోమీటర్ల దగ్గర, అంటే పసుపు కలిసిన ఆకుపచ్చని, బాగా చూస్తుంది. దాంతో పోలిస్తే 450 దగ్గరి నీలాన్ని నాలుగు శాతం కూడా పట్టించుకోదు. అంటే నాకు చీకటిగా కనబడిన తొట్టెలో పగడానికి రోహిణీ కార్తె ఎండ. వెలుతురు మితిమీరితే లోపలి నాచే విషం తయారుచేయడం మొదలుపెడుతుంది, పగడం దాన్ని గెంటేస్తుంది. రంగు పోవడమంటే అదే. పైగా మష్రూములు నీడపట్టున బతికే రకం.

లైటు చవకది కావడం వల్ల అవి చావలేదు. ఆ బీడ్స్ కావలసిన దానికంటే బాగానే పనిచేశాయి.

మీలో ఎవరైనా ఇలాంటిది కట్టాలనుకుంటే నాకు తెలిసింది చెప్తాను. డబ్బు తగ్గించుకోండి గానీ డ్రైవర్ దగ్గరా హీట్ సింక్ దగ్గరా కక్కుర్తి పడకండి. డిమ్మర్ పెట్టుకోండి. లైటుని అడుగు ఎత్తులో, సగం కరెంటుతో, రోజుకి ఆరు గంటలతో మొదలుపెట్టి, వారాల మీద కొంచెం కొంచెంగా పెంచండి. కొత్త పగడాన్ని ముందు అడుగున, మూలన పెట్టండి. లక్స్ యాప్ అంకెని నమ్మకండి. పగడాన్ని చూడండి. విచ్చుకుంటే సరిపోయింది. ముడుచుకుని పాలిపోతే ఎక్కువైంది. తక్కువైతే వెలుతురు కోసం సాగుతుంది.

ఇది రాస్తుంటే తెలుస్తోంది, అమ్మ ఫోన్లో చెప్పింది సరిగ్గా ఇదే. ఆవిడ దగ్గర యాప్ లేదు, రోజూ చూడటం ఉంది.

సీనియర్‌కి నిజం చెప్పడానికి పది రోజులు పట్టింది. "ఎన్ని మిగిలాయి?" అని మాత్రం అడిగాడు. ఇంకో రాయి ఇస్తానన్నాడు, నేనే ఇప్పుడొద్దన్నాను. మిగిలిన రెండిటినీ మూలకి మార్చాను. రంగు తిరిగి రావడానికి రెండు నెలలు పట్టింది. పోయిన వారం వాటిలో ఒకటి మధ్యలో చీలుతోందట. ఈ రకం అలాగే రెండవుతుంది.

డిమ్మర్ నాబ్ ఇప్పుడు అమ్మ చేతిలో ఉంది. శనివారం ఫోన్ చేసి, కొంచెం పెంచుదామా అని అడిగాను.

"వద్దులే, హాయిగా ఉన్నాయి" అంది.

సరేనన్నాను.