నూరకూడని మాత్ర



నా ఉద్యోగ విరమణకు కొద్దికాలం ముందు పుంగనూరు దగ్గరి పల్లె నుండి ఒక వృద్ధురాలిని స్పృహ లేని స్థితిలో తీసుకువచ్చారు. రక్తంలో చక్కెర బాగా పడిపోయింది. గ్లూకోజు ఎక్కించాక కళ్లు తెరిచింది. ఏమి జరిగిందని అడిగితే మనవరాలు, "మా అవ్వకు మాత్ర మింగుడు పడదు సార్, నూరి అంబలిలో కలిపి ఇచ్చినాను" అన్నది.

అది గ్లిక్లజైడ్ ఎం.ఆర్. రోజంతా కొద్దికొద్దిగా మందును విడువవలసిన మధుమేహపు మాత్ర.

ఆ నిదానానికి ఆధారం సెల్యులోజు. పిండిపదార్థమూ సెల్యులోజూ రెండూ గ్లూకోజు గొలుసులే, కూర్పులోనే భేదం. పిండిలోని అమైలోజు స్ప్రింగువలె చుట్టుకుంటుంది. దాని లోపలి భాగానికి నీరు గిట్టదు. అయోడిన్ అందులో ఒదిగినందువల్లనే గంజి నీలంగా మారుతుంది. కొవ్వు తోకలు తగిలించిన సెల్యులోజును కలిపితే, అమైలోజు ఆ తోకలనూ చుట్టుకొని ద్రావణాన్ని చిక్కబరచగలదు.

మాత్రలోని హైప్రొమెల్లోజుకు అటువంటి పొడవైన తోకలు లేవు. అది నీటిలో ఉబ్బి, జిగురు పొరగా మారి మందును నిలువరిస్తుంది. నూరితే ఆ కట్టడం చెదిరిపోతుంది. అంబలి ఎంత చిక్కనిదైనా దానిని తిరిగి కట్టలేదు. రోజంతటి మందు త్వరగా రక్తంలో చేరుతుంది.

తప్పు ఆ పిల్లది కాదు. చీటీ వ్రాసినవాడిని నేను, నూరవద్దని చెప్పలేదు. ఆ తరువాత మదనపల్లెలోనైనా, కుప్పంలోనైనా "మాత్ర మింగగలరా?" అని అడగకుండా చీటీ ఇవ్వలేదు.

మాత్ర పేరు చివర ఎస్.ఆర్., ఎక్స్.ఆర్., ఎం.ఆర్. అని ఉంటే నూరకండి, నమలకండి. మింగలేకపోతే వైద్యునికి చెప్పండి. వేరే మందు వ్రాయవచ్చు.