పేరు గుంటూరుది, కాయ పల్నాడుది

ఫిబ్రవరి ఎండలో గురజాల నుంచి మాచర్ల వైపు వెళ్తుంటే రోడ్డుకు రెండు పక్కలా కల్లాలు ఎర్రగా పరుచుకుని ఉంటాయి. బస్సు అద్దం మూసినా ఘాటు లోపలికి వస్తుంది. కొత్తవాళ్లు తుమ్ముతారు. ఊరివాళ్లు ఈ ఏడు రేటెంతని మాట్లాడుకుంటారు.

ఒకప్పుడు ఇది జొన్నకూటి సీమ. శ్రీనాథుడు చాటువుల్లో వేళాకోళం చేసిన పల్నాడు ఇదే అంటారు. 1967లో నాగార్జునసాగర్ కాలువల్లోకి నీళ్లు వదిలాక నల్లరేగడి నేలకు తడి అందింది, మిరప పెరిగింది. 2022 ఏప్రిల్‌లో నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా అయింది గానీ, ఇక్కడి కాయ మాత్రం టిక్కీల్లో (గోనె బస్తాల్లో) కెక్కి గుంటూరు మిర్చి యార్డుకు చేరగానే గుంటూరు మిర్చి అయిపోతుంది.

ఆ పేరుకు చట్టం అండ కూడా ఉంది. సుగంధద్రవ్యాల బోర్డు దరఖాస్తుతో గుంటూరు సన్నం మిర్చికి భౌగోళిక గుర్తింపు దక్కి దశాబ్దం దాటింది. చిక్కేమిటంటే, సన్నం ఒక రకం. ఇప్పుడు చేలో ఎక్కువగా కనిపించేవి తేజ, లాం పరిశోధన కేంద్రం ఇచ్చిన 334 రకం, ఆపైన కంపెనీల హైబ్రిడ్‌లు. ఘాటు కోసం చైనా కొనేది తేజను. గుర్తింపు ఒక కాయకు, గిరాకీ మరో కాయకు.

ఫ్రాన్సు వాళ్లు ద్రాక్షసారాయి విషయంలో ఈ చిక్కును 1935లోనే పట్టుకున్నారు. సీసా మీద ఊరిపేరు వేయాలంటే ఏ ద్రాక్ష వేయాలో, ఎకరానికి ఎంత దిగుబడి మించకూడదో, సారాయి ఎలా చేయాలో అన్నీ నిబంధనలే. తప్పితే ఊరిపేరు దక్కదు. మన సారాయి సంగతి వేరు, దాన్ని వదిలేద్దాం. ఆ పట్టుదల మాత్రం మిరపకు కావాలి.

మొదట కల్లం సంగతి. కాయ మట్టి మీద ఆరుతుంది. మంచు పడినా, చినుకు పడినా బూజు పట్టి అఫ్లాటాక్సిన్ చేరుతుంది. ఐరోపా సంఘం మిరపలో బీ1 రకం అఫ్లాటాక్సిన్‌కు పెట్టిన హద్దు కిలోకు 5 మైక్రోగ్రాములే. పట్టాల మీద ఆరబెట్టి, తేమ 10-11 శాతానికి దింపి, తాలు ఏరి కడితే సగం గొడవ కల్లంలోనే తీరుతుంది. కానీ అలా ఆరబెట్టిన రైతుకు క్వింటాకు నాలుగు రూపాయలు ఎక్కువ రాకపోతే పట్టాలెందుకు కొంటాడు? 2021లో నల్ల తామర పురుగు తోటల్ని ఊడ్చేసినప్పటి నుంచి మందుల ఖర్చుకే అతని నడుం వంగిపోయింది. 2025లో ధర పడిపోయి, కేంద్రం క్వింటాకు 11,781 రూపాయలు మార్కెట్ జోక్యం ధరగా ప్రకటించాల్సి వచ్చింది.

తర్వాత పొట్లం మీది మాట. 2003లో మన మిరపపొడి సరుకులో సుడాన్ అనే నిషేధిత రంగు దొరికిందని ఐరోపా గగ్గోలు పెట్టింది. అదే రంగు వల్ల 2005లో బ్రిటన్ దుకాణాల నుంచి వందల రకాల తిండి సరుకు వెనక్కి తెప్పించారు. రంగు కలిపింది ఎవరైనా, అనుమానం పడింది కాయ మీద. పొట్లం మీద రకం, మండలం, కోత ఏడాది రాసి ఉంటే జాడ పట్టడం తేలికయ్యేది. యార్డులో కోల్డ్ స్టోరేజీ నుంచి వచ్చింది ఏసీ కాయ, కానిది నాన్ ఏసీ కాయ అని విడదీసి రేటు కడతారు. కోల్డ్ స్టోరేజీలో కాయ ఎంతకాలం ఉందో వ్యాపారికి తెలుసు. కొనుక్కుని తినేవాడికి ఎందుకు తెలియకూడదు?

యడ్లపాడు మండలం వంకాయలపాడులో స్పైసెస్ పార్కు ఉంది. పరీక్ష, ముద్ర, జాడ పుస్తకం అక్కడే పెట్టొచ్చు. సన్నంతో పాటు తేజకూ నిబంధనలు రాయాలి, పల్నాడు పేరుతోనే రాయాలి. ఇది నా పక్షపాతమే అనుకోండి.

మా వంటింట్లో మూడు మిరపపొడి పొట్లాలు వెనక్కి తిప్పి చూశాను. ఏ ఒక్కదాని మీదా రకం లేదు, ఊరు లేదు. మీ ఇంట్లోదీ ఒకసారి తిప్పి చూడండి. మాచర్ల అనో, గురజాల అనో కనబడితే నాకొక కార్డు ముక్క రాయండి.