యాకిమా హాప్ తోటలూ, సియాటిల్ గ్యారేజీ బీరూ

బీరుకు చేదునూ పరిమళాన్నీ ఇచ్చేది హాప్. అమెరికాలో పండే హాప్ పంటలో దాదాపు నాలుగింట మూడు వంతులు ఒక్క వాషింగ్టన్ రాష్ట్రానిదే. అందులోనూ ఇంచుమించు అంతా యాకిమా లోయలోనే పండుతుంది. సియాటిల్ నుంచి కారులో కాస్కేడ్ కొండలు దాటి ఆగ్నేయంగా రెండు, రెండున్నర గంటలు వెళితే ఈ లోయ వస్తుంది. సముద్రం మీంచి వచ్చే మబ్బులు కొండలకు అవతలే కురిసిపోతాయి గనక ఇక్కడ ఏడాదికి 200 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా మాత్రమే వాన. అనంతపురంలో పడేదాంట్లో సగం కూడా కాదు. పంటకు నీరు కొండల మీద మంచు కరిగి వచ్చే కాలవలదే. 46వ అక్షాంశం దాటిన చోటు కాబట్టి నడివేసవిలో పగలు పదిహేను గంటలకు పైగా ఉంటుంది. హాప్ తీగకు కావలసింది ఈ రెండే: వేళ్ల దగ్గర తడి, ఆకుల మీద పొడవైన పగలు.

తోట అంతా పందిరే. ఐదున్నర మీటర్ల ఎత్తున స్తంభాలు పాతి, వాటి మీద ఇనప తీగలు లాగి, అక్కడి నుంచి నేలకు తాళ్లు దించుతారు. ఆ తాడు కొబ్బరి పీచుది. ఎక్కువగా శ్రీలంక నుంచి వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో కూలీలు ఒక్కో కుదురు నుంచి నాలుగైదు తీగలను ఏరి తాడుకు చుడతారు, మిగతావి తుంచేస్తారు. ఆ తర్వాత తీగ తనంతట తనే సవ్యదిశలో మెలి తిరుగుతూ పైకి పాకుతుంది. ఏటా కోతతో పై భాగమంతా పోయినా వేరు బతికే ఉండి మళ్లీ వసంతానికి చిగురిస్తుంది. హాప్ గంజాయి కుటుంబపు మొక్క. ఆ మాట విని సందర్శకులు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు గానీ దీనికి గంజాయి మత్తు లేదు. ఆడ మొక్కలకు కాసే కాయలాంటి పూగుత్తులే పంట. మగ మొక్క కనిపిస్తే పీకేస్తారు. దాని పుప్పొడి తగిలితే పూగుత్తుల్లో గింజ పడి నాణ్యత తగ్గుతుంది.

చూడదలచిన వాళ్లు ఆగస్టు ఆఖరు నుంచి సెప్టెంబరు చివరి దాకా, కోతల కాలంలోనే వెళ్లాలి. తీగను తాడుతో సహా పైనా కిందా కోసి లారీలో పడేస్తారు. కొట్టంలో యంత్రం పూగుత్తులను రాలగొట్టి ఆకునూ కాడనూ వేరు చేస్తుంది. కోసినప్పుడు పూగుత్తు బరువులో ముప్పాతిక వంతుకు పైగా నీరే. దాన్ని అరవై డిగ్రీలకు అటూ ఇటూగా ఉండే వేడిగాలి మీద, తేమ పది శాతం లోపుకు దిగేదాకా ఆరబెడతారు. వేడి ఎక్కువైతే పరిమళం ఎగిరిపోతుంది, తక్కువైతే బేళ్లలో బూజు పడుతుంది. ఆరిన పంటను 200 పౌండ్ల బేళ్లుగా, అంటే 90 కిలోల చొప్పున, కట్టి చల్లటి గిడ్డంగులకు తోలుతారు. కోతల నెలలో ఆరబెట్టే గదులు రాత్రింబవళ్లు ఆగవు. వాటి దగ్గర నిలబడితే నారింజ తొక్క, పచ్చిగడ్డి, దేవదారు బంక వాసనలు కలగలిసి బట్టలకు పట్టేస్తాయి. ఈ పంట చరిత్రకు టాపెనిష్ పట్టణంలో ఒక మ్యూజియం ఉంది. గోడల మీది చిత్రాలకు పేరుపడ్డ ఊరది. యాకమా ఆదివాసుల రిజర్వేషన్ భూమిలో ఉంది.

పూగుత్తును నిలువునా చీల్చి చూస్తే రేకుల మొదట్లో పసుప్పచ్చని పొడి కనిపిస్తుంది. బీరుకు పనికొచ్చేదంతా అందులోనే ఉంది. దానిలోని ఆల్ఫా ఆమ్లాలు నీటిలో సరిగా కరగవు. గంటసేపు మరిగితే వాటి అణువుల అమరిక మారి, కరిగే చేదుగా తయారవుతాయి. ఆ చేదు మాల్ట్ తీపికి పగ్గం వేస్తుంది, కొన్ని సూక్ష్మజీవులను కూడా ఆపుతుంది. అదే పొడిలోని నూనెలు పరిమళాన్నిస్తాయి. అవి ఆవిరైపోయే నూనెలు కాబట్టి ఎక్కువసేపు మరిగించకూడదు. హాప్స్ వాడకం సూత్రమంతా ఇంతే: చేదు కావాలంటే మరుగు మొదట్లో, వాసన కావాలంటే మరుగు చివర్లో, ఇంకా వాసన కావాలంటే పులిసిన తర్వాత చల్లగానే వేయాలి.

రకాల తేడా ఆల్ఫా ఆమ్లాల శాతంలోనూ నూనెల పాళ్లలోనూ ఉంది. చెక్ దేశపు జాటెస్ ప్రాంతంలో పండే సాజ్‌లో ఆల్ఫా మూడు, నాలుగు శాతమే. ఆకు మందులను గుర్తుకు తెచ్చే దాని సన్నటి వాసనతోనే పిల్స్‌నర్ బీరు నిలబడింది. అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధన కార్యక్రమం నుంచి 1972లో విడుదలైన కాస్కేడ్‌లో ఐదు నుంచి ఏడు శాతం, పంపరపనస తొక్క వాసన. ఇంగ్లిష్ ఫగుల్ రకం, రష్యా నుంచి వచ్చిన సెరెబ్రియాంకా దాని పూర్వీకులు. శాన్‌ఫ్రాన్సిస్కోలో యాంకర్ కంపెనీ 1975లో తెచ్చిన లిబర్టీ ఏల్, ఆ తర్వాత కాలిఫోర్నియాలోని చికో పట్టణంలో సియెర్రా నెవాడా పేల్ ఏల్ ఆ వాసనను దాచకుండా ముందుకు తెచ్చాయి. అమెరికన్ క్రాఫ్ట్ బీరు అనగానే గుర్తొచ్చే రుచి అక్కడ మొదలైంది. సిమ్‌కో రకంలో ఆల్ఫా పన్నెండు శాతం పైన, దేవదారు వాసన. 2000 తర్వాత వచ్చిన సిట్రాలో మామిడి, లీచీ. 2012 నాటి మొజాయిక్‌లో బెర్రీ పండ్లు. ఇవన్నీ ఇప్పుడు అమెరికాలోని ఇంటి బీరు సరుకుల దుకాణాల్లో 28 గ్రాముల గుళికల పొట్లాలుగా దొరుకుతాయి. పొట్లం మీద పంట సంవత్సరం, ఆల్ఫా శాతం అచ్చువేసి ఉంటాయి. ఇంట్లో బీరు చేసేవాళ్లు ఆ రెండంకెలూ చూడకుండా కొనరు.

అలాంటి పొట్లాలు ఫ్రీజరు నిండా ఉన్న ఇల్లు ఒకటి సియాటిల్‌కు తూర్పున, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఎక్కువగా ఉండే పేటలో ఉంది. ఈ వ్యాసకర్త చూసిన గ్యారేజీ ఆ ఇంటిదే. దంపతులిద్దరూ తెలుగువాళ్లు. బీరు చేయడం శనివారాల పని. సామగ్రి మరీ ఖరీదైనది కాదు: 40 లీటర్ల స్టీలు పాత్ర, ప్రొపేన్ పొయ్యి, మంచినీళ్ల కూలర్‌కు అడుగున జల్లెడ బిగించిన తొట్టి, రాగి గొట్టపు చుట్ట, ఉష్ణోగ్రత నియంత్రించే పెట్టె తగిలించిన పాత ఫ్రిజ్, గాజు కూజాలు రెండు. ఒక్కో విడతకు 19 లీటర్లు, అంటే అమెరికా లెక్కలో ఐదు గ్యాలన్లు. ఆ రోజు చేస్తున్నది పేల్ ఏల్.

బార్లీని నానబెట్టి మొలకెత్తించి, మొలక గింజలోని పిండిని తినేయకముందే వేడిగాలితో ఆరబెడితే మాల్ట్. రాగులు నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలకలు వచ్చాక ఎండబెట్టి మర పట్టించే మన ఇళ్ల పద్ధతీ ఇదే. మొలకెత్తే గింజ పిండిని చక్కెరగా మార్చే ఎంజైములను తయారు చేసుకుంటుంది. రాగి మాల్ట్ జావ తియ్యగా, పలచగా ఉండేది అందుకే. బార్లీ మాల్ట్‌లో ఆరబెట్టే వేడిని బట్టి రకాలు. తక్కువ వేడిలో ఆరింది పేల్ మాల్ట్: రంగు తక్కువ, ఎంజైములు ఎక్కువ, చాలా బీర్లలో ఎక్కువ పాలు ఇదే. మరికాస్త వేడి తగిలితే మ్యూనిక్, రొట్టె పెచ్చు వాసన. తడిగానే గింజలోపల చక్కెర తయారయ్యేలా వేడిచేసి తర్వాత కాల్చింది క్రిస్టల్, పాకం రుచి. బాగా వేయించిన చాక్లెట్ మాల్ట్, నల్ల మాల్ట్ స్టౌట్, పోర్టర్ బీర్లకు. మాల్ట్‌ను మాడకుండా వేయించే డ్రమ్ముకు డేనియల్ వీలర్ అనే ఇంగ్లిష్‌వాడు 1817లో పేటెంట్ తీసుకున్నాకే, చిటికెడు నల్ల మాల్ట్‌తో బీరంతటికీ రంగు తేవడం కుదిరింది. చాక్లెట్ మాల్ట్‌లో చాక్లెట్ లేదు, పేరంతా రంగును బట్టి వచ్చిందే.

గ్యారేజీలో ఆ రోజు మర పట్టింది నాలుగు కిలోల పైచిలుకు పేల్ మాల్ట్, 300 గ్రాముల క్రిస్టల్. పొట్టు చిట్లకుండా గింజ మాత్రం పగలాలి. తర్వాత రసం వడకట్టుకోవడానికి ఆ పొట్టే జల్లెడ అవుతుంది. దీన్ని వేడినీళ్లలో కలిపి 66 డిగ్రీల దగ్గర గంటసేపు మూసి ఉంచారు. ఇక్కడ రెండు డిగ్రీలకే బీరు మారిపోతుంది. 63 దగ్గర ఉంచితే, రసాన్ని పులియబెట్టే ఈస్ట్ తినగలిగే చక్కెరలు ఎక్కువై బీరు తేలిగ్గా, పొడిగా వస్తుంది. 69 దగ్గర ఈస్ట్‌కు కొరుకుడు పడని పొడవాటి చక్కెరలు మిగిలి, నోటికి చిక్కగా తగులుతుంది. రసం ఒక చుక్క పింగాణీ మీద వేసి అయొడిన్ తగిలిస్తే నీలం రాకూడదు. వస్తే పిండి ఇంకా మిగిలి ఉన్నట్టు. తర్వాత మరికొన్ని వేడినీళ్లతో పిప్పిని కడిగి, తీపంతా పాత్రలోకి దించారు. ఆ పిప్పి పక్క వీధిలో కోళ్లు పెంచుకునేవాళ్లకు పోతుంది.

మరుగు గంట. మొదట్లో చేదుకు మాగ్నమ్ రకం కొద్దిగా, చివరి పది నిమిషాల్లో రెండు సార్లుగా కాస్కేడ్. మూత పెట్టకూడదు, మాల్ట్ నుంచి ఆవిరై పోవలసిన గంధకపు పదార్థం తిరిగి పడితే బీరుకు ఉడికిన మొక్కజొన్న వాసన వస్తుంది. పొయ్యి ఆపాక రాగి చుట్టను రసంలో ముంచి, గొట్టంలోంచి చన్నీళ్లు పారించి, అరగంటలో 20 డిగ్రీలకు దించారు. బయటికొచ్చిన వేడినీళ్లతోనే పాత్రలు కడిగారు.

ఇక్కడి నుంచి రసాన్ని తాకే ప్రతి వస్తువునూ ముందుగా క్రిమినాశక ద్రావణంలో ముంచి తీయాలి. కూజా, గరాటు, థర్మామీటరు, చివరికి ఈస్ట్ పొట్లం కోసే కత్తెర కూడా. "బీరు చేయడం రెండు గంటలన్నయ్యా, గిన్నెలు తోమడం నాలుగు గంటలు" అన్నాడు ఇంటాయన. గంటల లెక్క అటూ ఇటైనా మాట నిజమే. మరిగేదాకా మురికికి భయం లేదు. చల్లారిన తీపి రసం మాత్రం గాలిలోని ప్రతి బ్యాక్టీరియాకూ విందే.

ఈస్ట్ కలిపేముందు, సాంద్రత కొలిచే హైడ్రోమీటరు 1.050 చూపింది. పులియడం ఆగాక 1.012 చూపితే ఆల్కహాలు సుమారు ఐదు శాతం. ఏల్ ఈస్ట్‌కు 18 నుంచి 20 డిగ్రీలు కావాలి, లాగర్ ఈస్ట్‌కు 8 నుంచి 12. పాత ఫ్రిజ్ పని అదే. పులిసేటప్పుడు రసం తనంతట తనే వేడెక్కుతుంది గనక గది చల్లగా ఉంటే చాలదు. వేడి ముదిరితే మగ్గిన అరటిపండు, అంతకు మించితే గోళ్ల రంగు తుడిచే ద్రవం వాసన వస్తుంది. కొత్తగా చేసేవాళ్లు కొత్త హాప్స్ కోసం డబ్బు పోస్తారు గానీ బీరుకు అంతకంటే మేలు చేసేది ఈ ఉష్ణోగ్రత పెట్టె.

వారం పది రోజులకు ఈస్ట్ అడుగున దిగుతుంది. అప్పుడు మరో 60 గ్రాముల కాస్కేడ్ గుళికలు కూజాలో వేసి మూడు రోజులుంచుతారు. ఆపైన 19 లీటర్లకు 120 గ్రాముల గ్లూకోజు కలిపి సీసాల్లోకి దించి మూత బిగిస్తారు. మిగిలిన ఈస్ట్ ఆ చక్కెరను తిని వదిలే వాయువే నురగ. పులియడం పూర్తికాకుండా సీసాకెత్తినా, చక్కెర ఎక్కువైనా సీసా పేలుతుంది. గోధుమరంగు సీసా అందానికి కాదు, వెలుతురు తగిలితే హాప్స్ చేదు విరిగి దుర్వాసన పుడుతుంది. రెండు వారాల తర్వాత 50 సీసాలకు కాస్త పైన తయారు.

కలిపే రుచుల సంగతి వేరే. ధనియాలు, నారింజ తొక్క వేసే గోధుమ బీరు బెల్జియంలోని హూగార్డెన్ ఊరిలో 1950లలో ఆగిపోతే, పాలవ్యాపారి పియెర్ సెలిస్ 1960లలో తిరిగి మొదలుపెట్టాడు. ఈ ఇంట్లోనూ ఆ రకం చేస్తారు, ఇండియన్ స్టోర్ ధనియాలతోనే. మన ధనియం కోలగా పెద్దగా ఉంటుంది, ఐరోపా రకం కంటే నూనె తక్కువ, వాసన మెత్తన. 19 లీటర్లకు 15 నుంచి 20 గ్రాములు, అప్పటికప్పుడు దంచి, మరుగు ఆఖరి ఐదు నిమిషాల్లో వేస్తే చాలు. కాఫీ గింజలను పగలగొట్టి పులిసిన స్టౌట్‌లో ఒక రోజు నానబెట్టి తీసేస్తారు, మరిగిస్తే వగరు. బెల్లం వేస్తే తీపి మిగులుతుందనుకోవడం పొరపాటు. ఈస్ట్ దాన్ని దాదాపు పూర్తిగా తినేస్తుంది, ఆల్కహాలు పెరిగి బీరు పలచబడుతుంది. మామిడి గుజ్జుదీ అదే కథ: చక్కెర పోయి పులుపు, పీచు, కాస్త వాసన మిగులుతాయి. ఆ గ్యారేజీలో పక్కపక్కన పెట్టిన రెండు గ్లాసుల్లో, గుజ్జు వేసిన దానికంటే ఒట్టి సిట్రా హాప్స్ వేసిన బీరులోనే మామిడి ఎక్కువగా తెలిసింది. యాలకులు వేసిన మరో సీసా బీరుకంటే పాయసానికి దగ్గర. మాల్ట్, ఈస్ట్ మార్చకుండా హాప్స్ ఒక్కటే మార్చుతూ నాలుగు విడతలు చేసినవాళ్లకు తెలిసే రుచుల తేడా, వంటింటి డబ్బాలన్నీ ఒలకబోసినవాళ్లకు తెలియదు.

ఈ అలవాటుకు చట్టం దారి ఇచ్చింది ఆలస్యంగానే. 1933లో అమెరికాలో మద్యనిషేధం ఎత్తేశాక ఇంట్లో వైన్ చేసుకోవడానికి అనుమతి దొరికింది, బీరుకు దొరకలేదు. 1978 అక్టోబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో 1979 ఫిబ్రవరి నుంచి ఇంటి బీరుకూ అనుమతి వచ్చింది. అదే 1978లో కొలరాడోలోని బౌల్డర్‌లో చార్లీ పపాజియన్, మరో మిత్రుడు కలిసి ఇంటి బీరు సంఘం పెట్టారు. పపాజియన్ పుస్తకం 1984లో వచ్చి లక్షల మందికి ఈ విద్య నేర్పింది. సియెర్రా నెవాడా స్థాపకుల్లో ఒకడైన కెన్ గ్రాస్‌మన్ అంతకుముందు చికోలో ఇంటి బీరు సామగ్రి అమ్మే దుకాణం నడిపాడు. నేటి క్రాఫ్ట్ బీరు కంపెనీల్లో చాలా వాటి పుట్టుక ఇలాంటి గ్యారేజీల్లోనే. అయితే మిసిసిపీ, అలబామా రాష్ట్రాలు 2013 దాకా ఒప్పుకోలేదు.

అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం పెద్దవారు ఒక్కరే ఉన్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు గానీ అంతకు మించి గానీ ఉంటే 200 గ్యాలన్లు, అంటే సుమారు 757 లీటర్లు, పన్ను లేకుండా చేసుకోవచ్చు. అమ్మకూడదు. సారా కాచడానికి ఆ చట్టం వర్తించదు. తెలుగు రాష్ట్రాల్లో 1968 నాటి ఎక్సైజు చట్టం కింద లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం. తెలంగాణ 2015లో తెచ్చిన మైక్రోబ్రూవరీ నిబంధనలు వ్యాపారానికే గాని ఇంటికి కాదు. కాబట్టి హైదరాబాదులో ఈ రుచి తెలుసుకోవాలనుకునేవాళ్లు మైక్రోబ్రూవరీకి వెళ్లి, ఏ హాప్స్ వేశారో అడిగి తాగాలి, వంటింట్లో ప్రయత్నించకూడదు.