కసిం కుండ

జనవరి 9, శ్రీకాళహస్తి

చలికి వేళ్లు వంగలేదు. వెదురుపుల్లకి ఉన్ని చుట్టి దారం బిగించడానికే అరగంట. అయినా కలం ఎవరిది వాళ్లే కట్టుకోవాలి. ఇంకొకరు కట్టింది నా చేతిలో ఉమ్ముతుంది.

జనవరి 12

పాత కసిం, అంటే కలంకారీ గీతల నల్లరంగు, అడుగంటుతోంది. తుప్పుపట్టిన మేకులు, బెల్లం, తాటిబెల్లం కొత్త కుండలో వేసి నీళ్లు పోశా. వాసెన కట్టా. మూడు వారాలు దాని జోలికి పోకూడదు. ఈ నలభయ్యేళ్లలో బొమ్మ గీయని రోజులు బోలెడు. కసిం లేని రోజులు మాత్రం తక్కువ.

జనవరి 15

పండగ. కలం ముట్టలేదు.

జనవరి 19

కరక్కాయ పొడి కలిపిన గేదెపాలల్లో గుడ్డ పిసికి ఎండేశా. పాలు పల్చన. జిడ్డు చాలక గీత పక్కకు పాకింది. పాలవాడితో పోట్లాట.

కోడలు అడిగింది: "అత్తా, బొమ్మ ఫోన్లో ఫొటో తీసి స్క్రీన్ ప్రింట్ వేయించేస్తే పోదా?" పోతుంది, రెండు గంటల పని. మరి మిగతా పన్నెండు రోజులు నేనేం చెయ్యాలి?

జనవరి 24

పటిక పెట్టిన గుడ్డ పారే నీళ్లలో ఆడాలి. లేకపోతే మిగులు పటిక పక్కకంటుకుని, ఎరుపు కాచినప్పుడు అక్కడా మరక తేలుతుంది. స్వర్ణముఖిలో నీళ్లు మడమలు దాటలేదు. ఇద్దరం చెరో కొసా పట్టుకుని లాగాం. నడుం పట్టేసింది.

జనవరి 27

ఎవరో కుర్రాళ్లు వచ్చి కలంకారీ కళాకారులు జొన్నలగడ్డ గురప్ప శెట్టి గారి గురించి అడిగారు. తండ్రి లక్ష్మయ్య గారి దగ్గర నేర్చుకున్నారని, 1957లో కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో ఇక్కడ శిక్షణ కేంద్రం వచ్చిందని చెప్పా. 2008లో పద్మశ్రీ అనగానే గబగబా రాసుకున్నారు. నడుమ గడిచిన యాభయ్యేళ్ల గురించి ఒక్కరూ అడగలేదు.

జనవరి 30

కళ్లద్దాలు మారినప్పటి నుంచి చిన్న మొహాలు తగ్గించి, అంచులు వెడల్పు చేస్తున్నా. కొనేవాళ్లు అదే నా శైలి అంటున్నారు. అననీ.

ఫిబ్రవరి 1

మా ఆయన చనిపోయిన ఏడాది కుండ ఎండిపోయింది. పదకొండు నెలలు చింతబొగ్గు కూడా పట్టలేదు. మళ్లీ కూర్చోబెట్టింది దుఃఖమూ కాదు, కళా కాదు. ఒక చీరకు తీసుకున్న అడ్వాన్సు. ఆ డబ్బు అప్పటికే ఖర్చయిపోయింది. ఆ చీరలో సీతమ్మకు ఒక కన్ను పెద్దదయింది. కొన్నావిడ ఏమీ అనలేదు.

ఫిబ్రవరి 2

ఇరవై ఒకటో రోజు. వాసెన విప్పి, కరక్కాయ గుడ్డ మీద చుక్క పెట్టి చూశా. పెట్టగానే నల్లబడాలి. ఇంకా బూడిదరంగే. చలికాలం కదా, మరో నాలుగు రోజులు పడుతుంది. మళ్లీ వాసెన కట్టేశా.