డబ్బాల్లో మగ్గిన సినిమాల ఊరికి

మణికొండలో సాఫ్ట్‌వేర్ వాళ్ళు పోగా మిగిలింది సినిమావాళ్ళేనని మా అపార్ట్‌మెంట్‌లో ఓ ఛలోక్తి. తెర మీద కనిపించేవాళ్ళు కాదులెండి. లైట్‌బాయ్‌లు, మేకప్‌మెన్, డబ్బింగ్ గొంతులు, ఫైటర్లు. నటుడు ప్రభాకర్ రెడ్డి పూనికతో మొదలై, ఆయన పేరే పెట్టుకున్న చిత్రపురి కాలనీ ఇక్కడే ఉంది. పొద్దుటి నడకలో నాకు పరిచయమైన బాబాయ్ గారు ఆ కాలనీ మనిషి. ముప్పయ్యేళ్ళకు పైగా కటింగ్ టేబుల్ ముందు కూర్చున్న అసిస్టెంట్ ఎడిటర్. 1986 జనవరిలో హైదరాబాద్‌లో ఫిల్మోత్సవ్ జరిగినప్పుడు కుర్రాడట. పాస్ సంపాదించి, తిండి మానేసి సినిమాలు చూశాడట.

మాస్కో వెళ్తున్నానని చెబితే ఆయన అన్న మాట ఇది: "మన దగ్గర సినిమా డబ్బా ల్యాబ్‌లో మగ్గేది ఫైనాన్షియర్ బాకీ తీరకమ్మా. వాళ్ళ దగ్గర సర్కారుకి నచ్చక మగ్గేది. గోర్బచేవ్ వచ్చాక ఆ డబ్బాలన్నీ ఒక్కసారిగా తెరిచారట. అదేంటో చూసి రా."

నా ప్రయాణానికి అసలు కారణం వేరు. చిన్నప్పుడు విశాలాంధ్ర పుస్తకాల షాపులో రూపాయికీ రెండు రూపాయలకీ కొన్న రాదుగ, ప్రగతి ప్రచురణాలయాల పుస్తకాల వెనక "17, జూబొవ్‌స్కీ బుల్వార్, మాస్కో" అని ఉండేది. ఆ వీధి చూడాలని ఎప్పటినుంచో కోరిక. బాబాయ్ గారి మాటతో దానికి సినిమా తోడైంది.

ఈ-వీసా తేలిగ్గానే వచ్చింది. చిక్కంతా డబ్బుతోనే. 2022 మార్చి నుంచి మన వీసా, మాస్టర్ కార్డులు అక్కడ గీకితే పనిచేయవు. హోటల్ ఖర్చు దగ్గర్నుంచి కాఫీ దాకా లెక్క కట్టుకుని నగదు పట్టుకెళ్ళాలి. దుబాయ్ మీదుగా దొమొదేదొవో విమానాశ్రయంలో దిగి రైలెక్కి ఊళ్ళోకి వచ్చేసరికి సన్నగా జల్లు పడుతోంది.

ముందు వెళ్ళింది 'ఇల్యుజియోన్' అనే హాలుకి. నది ఒడ్డున, స్తాలిన్ కట్టించిన ఏడు ఆకాశహర్మ్యాల్లో ఒకదాని కింది భాగంలో ఉంది. 1966 నుంచి పాత సినిమాలు వేయడమే దాని పని. గారపని చేసిన పైకప్పు, బరువైన తలుపులు. ఆ సాయంత్రం అదృష్టం కొద్దీ అలెక్సాందర్ అస్కోల్దోవ్ తీసిన 'కమిసార్' వేశారు. సబ్‌టైటిల్స్ లేవు. ఇంట్లో ముందే ఒకసారి చూసి ఉన్నాను గనక బతికిపోయాను.

వసీలీ గ్రాస్‌మన్ కథ ఒకటి దీనికి ఆధారం. రష్యా అంతర్యుద్ధ కాలంలో ఎర్రసైన్యపు కమిసార్, అంటే రాజకీయ అధికారి, ఒకామె గర్భవతి అవుతుంది. నోన్నా మొర్ద్యుకోవా ఆ పాత్ర వేసింది. కాన్పు అయ్యేదాకా ఆమెను ఓ పేద యూదు కుటుంబం ఇంట్లో పెడతారు. బయట ఊరి మీద గుళ్ళు పడుతుంటాయి. నేలమాళిగలో పిల్లలు భయంతో ముడుచుకుని ఉంటారు. అప్పుడు ఆ ఇంటి యజమాని, చిన్న చిన్న రిపేర్లు చేసుకు బతికే యెఫీమ్, చేతులు ఊపుతూ మెల్లగా ఆడడం మొదలుపెడతాడు. ఒక్కొక్కరే లేచి ఆయన వెనక కలుస్తారు. చీకట్లో ఆ వరస కదులుతుంటే హాల్లో ఎవరూ దగ్గను కూడా దగ్గలేదు. ఆ వెంటనే, ఇరవయ్యేళ్ళ తర్వాత నాజీలు అలాంటి కుటుంబాలను ఎక్కడికి తోలుకెళ్ళారో దర్శకుడు కొన్ని క్షణాలు చూపిస్తాడు. ఆ ముక్క తీసెయ్యమన్నారు. తియ్యనన్నాడు. సినిమా తీసింది 1967లో. ఆపేశారు. అస్కోల్దోవ్ ఉద్యోగం పోయింది, ఇంకో సినిమా తీసే హక్కు పోయింది. ఇరవయ్యేళ్ళ తర్వాత, 1987 మాస్కో ఫెస్టివల్లో విలేఖరుల ముందు లేచి అడిగితేగానీ బయటికి రాలేదు. మరుసటేడు బెర్లిన్‌లో సిల్వర్ బేర్ గెలిచింది. 2018లో పోయేదాకా ఆయన మళ్ళీ సినిమా తీయలేదు.

బయటికి వచ్చాక పక్క సీటాయన ఇంగ్లీషులో మాట కలిపాడు. 1988లో ఇదే సినిమాకి క్యూలో నిలబడ్డాడట. "అప్పట్లో సినిమాకి వెళ్ళేముందు పత్రిక చదివేవాళ్ళం. రెండేళ్ళు గడిచేసరికి సినిమా కంటే పత్రికే వేడిగా ఉండేది, హాలుకి వెళ్ళడం మానేశాం" అన్నాడు. వితాలీ కొరోతిచ్ సంపాదకత్వంలో 'అగన్యోక్' లాంటి పత్రికలు దాచిన చరిత్రంతా వారం వారం బయటపెట్టిన రోజులవి. ఈ సంగతి నేను చదివిన ఏ సినిమా వ్యాసంలోనూ లేదు.

డబ్బాలు తెరుచుకున్న కథ 1986 మే నెలలో క్రెమ్లిన్‌లో మొదలైంది. సోవియట్ సినిమా నిర్మాతల, దర్శకుల, కళాకారుల సంఘం అయిదో మహాసభ అది. మన ఫిల్మోత్సవ్ అయిన నాలుగు నెలలకే. 'యుద్ధమూ శాంతీ' తీసిన సెర్గేయ్ బొందర్చుక్ అంతటి వాడిని ప్రతినిధిగా కూడా ఎన్నుకోలేదు. పాత నాయకత్వాన్ని దింపి 'కమ్ అండ్ సీ' దర్శకుడు ఎలెమ్ క్లీమొవ్‌ని పైకి తెచ్చారు. ఆపేసిన సినిమాలను మళ్ళీ చూడ్డానికి విమర్శకుడు అంద్రేయ్ ప్లాఖొవ్ అధ్యక్షుడిగా ఓ కమిషన్ వేశారు. వందకు పైగా సినిమాలు దాని ముందుకు వచ్చాయి. అలెక్సేయ్ గెర్మన్ 1971లో తీసినది, కీరా మురాతొవా 1967లోనూ 1971లోనూ తీసినవి, ఒక్కొక్కటే వెలుగు చూశాయి. తెంగీజ్ అబులాద్జే జార్జియాలో 1984లో పూర్తిచేసిన 'పశ్చాత్తాపం' 1987లో హాళ్ళకి వచ్చింది. పాతిపెట్టిన నియంత శవాన్ని ఓ స్త్రీ మళ్ళీ మళ్ళీ తవ్వి బయట పెడుతుంటుంది. అంతకన్నా సూటిగా చెప్పడం కుదరదు.

ఆ సినిమాని కోటీ ముప్పై లక్షల మంది చూశారంటారు. అంతకు మూడేళ్ళ ముందు అక్కడ విడుదలైన మన 'డిస్కో డాన్సర్'ని ఆరు కోట్ల మంది చూశారు. మిథున్ చక్రవర్తి ముందు చరిత్ర ఎప్పుడూ ఓడిపోతూనే ఉంటుంది.

మరునాడు మాస్‌ఫిల్మ్ స్టూడియో చూశాను. ముందుగా బుక్ చేసుకుంటే గైడు తిప్పి చూపిస్తారు, చెప్పేదంతా రష్యనే. దుస్తులు, పాత కార్లు, పాత మాస్కో వీధి సెట్. బాబాయ్ గారు ఉంటే వదిలేవాడు కాదు; నేను త్వరగానే తేల్చేశాను. ఆ స్టూడియోకి 1998 నుంచీ అధిపతి కరేన్ షఖ్‌నజారొవ్. ఆయనే 1988లో 'జీరో సిటీ' తీశాడు. ఓ ఇంజనీరు పనిమీద ఒక ఊరికి వస్తాడు. హోటల్లో భోజనం చివర తన తల ఆకారంలోనే చేసిన కేకు తెచ్చి పెడతారు. ఆ ఊరు వదిలి పోదామంటే రైలే ఉండదు. వ్యవస్థ మీద అంత వెటకారం చేసిన మనిషి ఇప్పుడు ప్రభుత్వ స్టూడియో పెద్ద. క్లీమొవ్ మాత్రం సంఘానికి పెద్దయ్యాక ఒక్క సినిమా తీయకుండానే 2003లో పోయాడు. ఆ కాలం ఎవరికి లాభించిందో అక్కడ నిలబడితే తెలుస్తుంది.

ఈ సినిమాలను 'రష్యన్' అని ఒక గాటన కట్టడం నాకు నచ్చదు. అబులాద్జే జార్జియా వాడు. మురాతొవా ఉక్రెయిన్‌లోని ఒదెస్సాలో బతికింది. సోవియట్ యువత మీద బాంబులా పేలిన 'లిటిల్ వేరా' 1988లో వచ్చింది, అయిదు కోట్ల పైమంది చూశారు. దాన్ని వసీలీ పిచూల్ అదే ఉక్రెయిన్‌లోని తన సొంతూరు మరియుపోల్‌లో తీశాడు. 2022లో బాంబులకి నేలమట్టమైన ఊరు అదే.

చివరికి జూబొవ్‌స్కీ బుల్వార్ వెళ్ళాను. విశాలమైన రోడ్డు, ఆగకుండా కార్లు. మన ఉప్పల లక్ష్మణరావు గారు, ఆర్వీయార్ గారు ఏళ్ళ తరబడి తెలుగు చేసిన పుస్తకాల వెనక అచ్చైన వీధి. ఇక్కడ తెలుగు పుస్తకాలు అచ్చయ్యేవని చెప్పే బోర్డేదీ నా కంట పడలేదు. లెక్క వేస్తే, డబ్బాల్లోంచి సినిమాలు బయటపడ్డ ఆ అయిదారేళ్ళలోనే మనకి మాస్కో తెలుగు పుస్తకాలు ఆగిపోయాయి. సినిమాలూ మన దాకా రాలేదు. వాళ్ళకి కొత్త సినిమాలు కూడా మిగల్లేదు. 1990 ప్రాంతంలో యేటా మూడొందల దాకా తీసిన దేశం తొంభైల నడుమకి యాభై కూడా తీయలేకపోయింది. హాళ్ళు ఫర్నిచర్ షోరూములయ్యాయి. మన సింగిల్ స్క్రీన్లు ఫంక్షన్ హాళ్ళయినట్టే.

తిరిగొచ్చాక బాబాయ్ గారికి 'కమిసార్' నా ల్యాప్‌టాప్‌లో వేసి చూపించాను. నేలమాళిగ ఘట్టంలో ఆపమని, మళ్ళీ వెయ్యమని, "ఎక్కడ కట్ చేశాడో చూశావామ్మా" అన్నాడు. నేను చూడలేదు.

చూద్దామనుకునేవాళ్ళకి ఒక మాట. 'పశ్చాత్తాపం'తో మొదలుపెట్టకండి, రెండున్నర గంటలు, ఓపిక కావాలి. 'కమిసార్' రెండు గంటల లోపే. ముందు అది చూసి, తర్వాత 'జీరో సిటీ' చూడండి. మాస్‌ఫిల్మ్ తన సినిమాల్లో చాలా వాటిని ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో యూట్యూబ్‌లో ఉచితంగానే పెట్టింది.